ఆ డోలక్ వాయించింది ఎవరు?

ప్రశ్న:

నమస్తే సర్. మాది తెనాలి దగ్గర ఊరు. నాకు ఇరవై నాలుగేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, రాత్రుళ్లు హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసుకుంటాను. తెలుగులో ర్యాప్ రాస్తాను. మూడు నెలల కింద ఒక పాట చేశాను, శుక్రవారం రాత్రి ఊరికి వెళ్లే బస్సు గురించి. బీట్ కోసం 1974లో వచ్చిన ఒక సినిమా పాటలోంచి రెండు బార్లు, అంటే తాళం రెండు చుట్లు తీసుకున్నాను. చరణానికి ముందు వచ్చే డోలక్, దాని మీద వయొలిన్ల చిన్న బిట్. పిచ్ (శ్రుతి) కాస్త దించి, అదే ముక్క మళ్లీ మళ్లీ మోగేలా లూప్ చేసి, కింద బేస్, డ్రమ్స్ వేశాను.

యూట్యూబ్‌లో పెట్టిన గంటకే ఒక ఆడియో కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. వీడియో ఉంది కానీ డబ్బులు వాళ్లకే పోతాయట. ఇంకో పక్క ఒక డిస్ట్రిబ్యూటర్ అన్ని మ్యూజిక్ యాప్స్‌లో విడుదల చేస్తామంటున్నారు. అయితే ఇందులో ఉన్న ప్రతి శబ్దం మీదా హక్కు నాదేనని ఫారం మీద సంతకం పెట్టాలి. మా ఫ్రెండేమో పిచ్ ఇంకాస్త దించమంటాడు, ముప్పై సెకన్ల లోపు అయితే కేసే కాదంటాడు, కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదని డిస్క్రిప్షన్‌లో రాసెయ్యమంటాడు. అమెరికాలో హిప్‌హాప్ అంతా ఇలాగే పుట్టింది కదా సర్? లండన్ ర్యాపర్ ఎం.ఐ.ఏ. మన 'దళపతి' పాటనే తీసుకుని వాడింది కదా?

అసలు టెన్షన్ మా నాన్నతో. ఆయన ఇరవై ఏళ్లు ఆర్కెస్ట్రాల్లో డోలక్ వాయించారు. ఇప్పుడు కిరాణా కొట్టు. పాట వినిపిస్తే మొదట మంచం పట్టె మీద వేళ్లు ఆడించారు. కాసేపటికి ఆపేసి, "ఈ డోలక్ ఎవరు వాయించారు?" అన్నారు. "తెలీదు నాన్నా, పాత పాటలోది" అన్నాను. "ఎవరో తెలీకుండానే తెచ్చుకున్నావా?" అని లేచి వెళ్లిపోయారు. అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నేను చేసింది దొంగతనమా? పాట తీసెయ్యాలా?

సమాధానం:

బాబూ,

నీ పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. బాగుంది. బస్సు ఎల్బీనగర్ దాటాక కిటికీ అద్దం గడగడలాడే చోట నవ్వొచ్చింది. దొంగతనమా అని అడిగావు కాబట్టి ముందు నా సంగతి చెప్పాలి. ఎనభైల్లో విజయవాడ గవర్నర్‌పేటలో నాకు కాసెట్లు నింపే షాపు ఉండేది. జనం పాటల చిట్టీ రాసుకుని వచ్చేవాళ్లు. సిక్స్టీ కాసెట్‌కి ఒక రేటు, నైంటీకి ఒక రేటు. ఎల్పీల్లోంచి ఎక్కించి, చిట్టీలో ఉన్న వరసలోనే నింపి, పైన స్కెచ్ పెన్నుతో పేరు రాసి ఇచ్చేవాణ్ణి. ఎవరినీ అనుమతి అడగలేదు, అడగాలని తోచను కూడా లేదు. కాబట్టి నువ్వు తీర్పు అడుగుతున్న మనిషి కూడా కడిగిన ముత్యమేమీ కాదు.

ఇక అర్జెంటు పని. ఆ ఫారం మీద సంతకం పెట్టకు. రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే నష్టం, లాయర్ ఖర్చు నువ్వే భరించాలనే మాట ఇలాంటి ఫారాల్లో మామూలుగా కింద ఎక్కడో ఉంటుంది. క్లెయిమ్ పడ్డ పాట మీద నాదేనని సంతకం పెడితే, నీ చేత్తో నువ్వే వాళ్లకి సాక్ష్యం రాసిచ్చినట్టు. ఈ వారం వాళ్లు ఎంత తొందరపెట్టినా ఆగు.

క్లెయిమ్ వచ్చిందని మాత్రం కంగారు పడకు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటు ఉంది. హక్కుదారులు తమ పాటల్ని ముందే దానికి ఇచ్చి ఉంచుతారు, కొత్తగా ఎక్కిన వీడియోల్ని అది వాటితో పోల్చి చూస్తుంది. కలిస్తే ఆ వీడియోను ఆపెయ్యాలా, దాని మీద వచ్చే డబ్బు తీసుకోవాలా, ఊరికే గమనిస్తూ ఉండాలా అన్నది హక్కుదారు ఇష్టం. నీ విషయంలో డబ్బు చాలన్నారు, అంతే. స్ట్రైక్, అంటే కాపీరైట్ ఉల్లంఘన అని వీడియో తీసేసి ఛానెల్ మీద వేసే మచ్చ, వేరే సంగతి. తొంభై రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. నువ్వు క్లెయిమ్ తప్పని చెప్పే డిస్ప్యూట్ బటన్ నొక్కి పంతానికి పోతే వ్యవహారం స్ట్రైక్ దాకా వెళ్లొచ్చు. ఆ బటన్ జోలికి పోకు.

మీ ఫ్రెండ్ చిట్కాలకు వద్దాం. ముప్పై సెకన్ల రూలు మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. 1957 నాటి ఆ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్తలు లాంటి వాటికి మినహాయింపులున్నాయి. పాటకు బీట్ చేసుకోవడం ఆ జాబితాలో లేదు. ఉల్లంఘించే ఉద్దేశం లేదని డిస్క్రిప్షన్‌లో రాయడమంటే గోడ దూకుతూ ఇంటాయనకి దణ్ణం పెట్టడమే.

పిచ్ దించడం సంగతి అమెరికాలో ఎప్పుడో కోర్టుల దాకా వెళ్లింది. ఫంకడెలిక్ అనే బృందం పాటలోంచి రెండంటే రెండు సెకన్ల గిటార్ ముక్కని ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం పాటలో వాడారు. పిచ్ దించారు, లూప్ చేసి పదహారు బీట్లకు సాగదీశారు. అచ్చం నువ్వు చేసిన పనే. 2005లో అక్కడి అప్పీలు కోర్టు ఒకటి, లైసెన్స్ తీసుకో, లేదంటే శాంపిల్ చెయ్యకు (పాత రికార్డింగ్‌లోంచి ముక్క తీసి వాడకు) అని కొట్టినట్టు చెప్పింది. తర్వాత 2016లో మడోన్నా 'వోగ్' మీద వచ్చిన కేసులో ఇంకో అప్పీలు కోర్టు, 0.23 సెకన్ల బాకా ముక్కని వినేవాళ్లెవరూ గుర్తుపట్టరు, ఇది లెక్కలోకి రాదు పొమ్మంది. అక్కడే రెండు కోర్టులకి మాట కలవలేదు. ఈ తీర్పులు మన కోర్టుల మీద చెల్లవనుకో. చెల్లినా నీకు రెండోది పనికిరాదు. నీ రెండు బార్లు పాట పొడుగునా మోగుతూనే ఉన్నాయి. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆ పాత పాట పెట్టావేంటి?" అంది.

పాటంటే చట్టం లెక్కలో రెండు ఆస్తులు. బాణీ, సాహిత్యం ఒక పక్క. ఆ రోజు స్టూడియోలో టేపు మీద పడ్డ రికార్డింగ్ ఇంకో పక్క. శాంపిల్ చేసినవాడు మామూలుగా రెండింటినీ ముట్టుకుంటాడు. వీటి గడువులు కూడా వేరు. రికార్డింగుకి, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. బాణీకి, సాహిత్యానికి, వాటిని సృష్టించినవాళ్లు పోయాక 60 ఏళ్లు. నువ్వు ముక్క తీసుకున్న పాట 1974 నాటిది కాబట్టి రికార్డింగ్ హక్కు 2034 చివరి దాకా ఉంటుంది. యాభైల నాటి రికార్డింగులకి గడువు తీరింది, వాటిలోంచి తీసుకుంటానంటావేమో. తొందరపడకు. ఘంటసాల పోయింది 1974లో. ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరి దాకా నడుస్తుంది, రికార్డింగ్ గడువు ఎప్పుడో ముగిసినా సరే. ఐదేళ్లు దాటిన పాటకి కవర్ వెర్షన్ చేసుకోవడానికి, అంటే దాన్నే మళ్లీ పాడి రికార్డు చేసుకోవడానికి, 31సి సెక్షన్ ఉంది కానీ, అందులో పాటను ఇష్టమొచ్చినట్టు మార్చే వీల్లేదు. నీ బస్సు ర్యాప్ అందులో పట్టదు.

అమెరికాలో ఇలాగే పుట్టింది కదా అన్నావు. పుట్టిందలాగే. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింది హాల్లో, జమైకా నుంచి వచ్చిన కుర్రాడు డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి పార్టీకి రికార్డులు వేశాడు. పాటలో గాయకుడు ఆగి డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్క వస్తే జనం ఊగిపోతున్నారని కనిపెట్టిన వాడు అతనే. ఆ ముక్క కొన్ని సెకన్లే కాబట్టి అదే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ మీద పెట్టి, ఒకదాంట్లో అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టేవాడు. నువ్వు ల్యాప్‌టాప్‌లో ఒక బటన్‌తో చేసే లూప్‌ని అతను చేత్తో చేశాడు. 1987లో వచ్చిన ఎస్పీ-1200 అనే శాంప్లర్‌లో, అంటే శబ్దం ముక్కల్ని ఎక్కించుకుని మోగించే యంత్రంలో, మొత్తం పది సెకన్ల శబ్దమే పట్టేది. చోటు చాలక ముప్పై మూడు స్పీడు ఎల్పీని నలభై ఐదులో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. ఆ బొంగురు శబ్దం కోసమే ఇప్పటికీ దాన్ని వెతికి కొనేవాళ్లున్నారు. ఇది విన్నప్పుడు నా షాపు గుర్తొచ్చింది. టేపు అయిపోవస్తుంటే చివరి పాట పల్లవితో సరిపెట్టేసే రోజులవి.

పార్టీలో రికార్డు తిప్పినన్నాళ్లూ ఎవరూ అడగలేదు. సరుకు అమ్మకానికి వచ్చాక అడిగారు. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ మీద కేసు పడింది, గిల్బర్ట్ ఓ సల్లివాన్ అనే గాయకుడి 1972 నాటి పాట వాడినందుకు. దొంగిలించకూడదు అన్న బైబిల్ ఆజ్ఞతోనే జడ్జి తీర్పు మొదలుపెట్టాడు. నాకు ఆ కేసులో గుర్తుండిపోయింది ఇంకో విషయం. బిజ్ మార్కీ తరఫు వాళ్లు ముందే అనుమతి అడుగుతూ లెటర్ రాశారు. జవాబు రాకముందే ఆల్బమ్ వదిలేశారు. అడగాల్సి ఉంటుందని తెలిసే చేశారని ఆ లెటరే రుజువైంది. నువ్వు రేపు ఆ ఆడియో కంపెనీకి మెయిల్ పెడితే మటుకు జవాబు వచ్చేదాకా ఆగాలి. అతను తర్వాతి ఆల్బమ్‌కి శాంపిల్స్ అన్నిటికీ అనుమతులున్నాయి అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడులే, 1993లో.

ఎం.ఐ.ఏ. 2007 నాటి 'బాంబూ బంగా'లో, మనం 'సింగారాల పైరుల్లోన' అని పాడుకునే పాట తమిళ మాతృక ముక్కలున్నది నిజం. బ్లాక్ ఐడ్ పీస్ అనే అమెరికా బృందం కూడా 2003 ఆల్బమ్‌లో ఇళయరాజా పాట వాడారు. వాళ్లు వాడారు కాబట్టి నేనూ అనే ముందు 'అడిక్టివ్' కథ విను. ఇది నాకు చాలా ఇష్టమైన పాట, చెప్పుకోడానికి సిగ్గుపడను.

డీజే క్విక్ అనే లాస్ ఏంజెలెస్ నిర్మాత ఒక పొద్దున టీవీ పెట్టి పళ్లు తోముకోవడానికి వెళ్లాడట. ఏదో హిందీ ఛానెల్. బాత్‌రూమ్‌లోకి వినిపిస్తున్న పాటకి తెలియకుండానే ఊగుతున్నాడు. పరిగెత్తుకొచ్చి వీసీఆర్‌లో రికార్డ్ నొక్కాడు. అది 1981 'జ్యోతి' సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాట, బప్పీ లహరి బాణీ. దాని మీద ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాడగా, రకీం ర్యాప్ చెప్పగా 2002లో 'అడిక్టివ్' వచ్చి పెద్ద హిట్టయింది. హిట్టయింది కాబట్టే మన దాకా వినిపించింది. కోర్టుకెక్కారు. 2003 ఫిబ్రవరిలో బప్పీ లహరి పేరు వెయ్యకుండా ఆ ఆల్బమ్ అమ్మడానికి వీల్లేదని లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు ఆపింది. అక్కడితో ఆయన గెలిచాడనుకున్నారు. ఏళ్లు నడిచాక, సినిమా నిర్మాత కోసం డబ్బు తీసుకుని కట్టిన బాణీ కాబట్టి హక్కు ఆయనది కాదని తేలింది. కట్టినవాడు ఒకడు, హక్కుదారు ఇంకొకడు.

ఇంకో కేసు దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ది గేమ్ అనే ర్యాపర్ పాటలో 1969 'ఆరాధన' పాట ముక్క, సెకను పాటిది, వాడారని మన ఆడియో కంపెనీయే అమెరికాలో దావా వేసింది. 2011లో అప్పీలు కోర్టు ఆ పాత అగ్రిమెంట్ చదివి, అందులో కంపెనీకి ప్రత్యేక హక్కు రెండేళ్లే రాసి ఉంది పొమ్మంది. కాబట్టి నీకు క్లెయిమ్ పంపిన కంపెనీకి రాసేటప్పుడు రెండు విషయాలు విడివిడిగా అడుగు. రికార్డింగ్ మీదేనా? బాణీ, సాహిత్యం హక్కులు కూడా మీ దగ్గరే ఉన్నాయా? మన పాత సినిమా పాటల్లో రెండూ ఒకే కంపెనీ దగ్గర ఉండటం మామూలే. ఏ పాటలో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీసుకున్నావో సెకన్లతో సహా రాయి, నీ పాట లింకు పెట్టు, ఎక్కడెక్కడ విడుదల చేస్తావో చెప్పు. వచ్చే జవాబు 'సరే' అని ఒక్క ముక్కలో ఉంటే సరిపోదు. ఏ పాటకి, ఎంత ముక్కకి, ఎంత కాలానికి ఇచ్చారో అందులో ఉండాలి.

మన దగ్గర కూడా ఇది శాంపిల్స్‌తో మొదలైన గొడవేమీ కాదు. 2017లో అమెరికా టూర్‌లో ఉన్న బాలు గారికి ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వెళ్లింది. ఇకపై వేదిక మీద ఇళయరాజా కట్టిన పాటలు పాడలేమని బాలు గారే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. పాడిన గొంతే పాడటానికి అడగాల్సి వచ్చింది. ఆర్కెస్ట్రా మనిషి కదా, మీ నాన్నగారు ఆ రోజుల్లో దీని మీద ఎంత చర్చ పెట్టుకుని ఉంటారో ఊహించగలను.

నవ్వుకోడానికి ఒకటి. ఎరిక్ సెర్మన్ అనే అమెరికా ర్యాపర్ 2002లో 'రియాక్ట్' అని ఒక పాట చేశాడు. అందులో 1963 'తాజ్‌మహల్' సినిమా పాటలోంచి ఒక లైను వస్తుంది. ఆ లైను పాడిన ఆవిడ ఏమందో నేను అదే అన్న అర్థంలో ఇతను జవాబు చెబుతాడు. ఆవిడ అంటున్నదేమో, ఎవడికైనా ఆత్మహత్య చేసుకోవాలని సరదా పుడితే ఎవరేం చేస్తారు అని. సాహిర్ లుధియాన్వీ రాసిన కవ్వాలీ అది. తీసుకున్న ముక్కలో ఏముందో అడిగి తెలుసుకునే మనిషి పక్కన లేకపోతే ఇలాగే ఉంటుంది.

మీ నాన్నగారి సంగతి ఇక్కడికొచ్చింది. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, ఎవరు వాయించారు అని. ఇప్పటిదాకా నేను చెప్పిన చట్టం, కోర్టులు, అగ్రిమెంట్లు ఏవీ దానికి జవాబు చెప్పవు. కంపెనీకి డబ్బు కట్టి లైసెన్స్ తెచ్చుకున్నా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది.

హిప్‌హాప్‌లో ఎక్కువగా వాడిన డ్రమ్ ముక్కల్లో 'ఫంకీ డ్రమ్మర్' ఒకటి. 1969 నవంబరులో సిన్సినాటిలో రికార్డు చేశారు. పాట జేమ్స్ బ్రౌన్ అనే గాయకుడిది, రాసినవాడిగా పేరూ ఆయనదే. ఆ ఇరవై సెకన్ల డ్రమ్స్ వాయించిన మనిషి క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. వెయ్యికి పైగా పాటల్లో అతని చేతులు మోగాయి. రాయల్టీ మాత్రం అతని దాకా రాలేదు. 2017లో పోయాడు. ఇంకా ఘోరం 'అమెన్, బ్రదర్' కథ. అదీ 1969దే, ది విన్‌స్టన్స్ అనే బృందం రికార్డు వెనక వైపు పాట. అసలు ఆ పాటే ఒక పాత చర్చి పాటకి మారు రూపం. మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్స్ మీద ఇంగ్లండ్‌లో ఒక సంగీత ధోరణే లేచింది. కోల్‌మన్ 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా పోయాడు. 2015లో ఇంగ్లండ్ డీజేలు చందాలు వేసుకుని 24 వేల పౌండ్లు బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి ఇచ్చారు. వాయించినవాడు అప్పటికే లేడు.

మనవాళ్ల సంగతి వేరేగా ఏమీ లేదు. నువ్వు ముక్క తీసుకున్న పాట నాటికి తెలుగు పాటలు ఎక్కువగా మద్రాసులోనే రికార్డయ్యేవి. పొద్దున ఒక కాల్షీట్, మధ్యాహ్నం ఒకటి. వాయించి, ఓచర్ మీద సంతకం పెట్టి, డబ్బు తీసుకుని ఇంకో స్టూడియోకి పరుగు. టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు పడుతుంది, గాయకుల పేర్లు పడతాయి. డోలక్ ఎవరంటే ఎవరో.

షాపు మూసేశాక నేను కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో పనిచేశాను. అక్కడికి ఒక డోలక్ ఆయన వచ్చేవాడు, పెద్దాయన. ఒకసారి ఆటోలో వస్తుంటే స్పీకర్‌లో పాట మోగుతోందట. మధ్యలో ముక్క విని, "ఇది నేనే" అన్నాడట డ్రైవర్‌తో. డ్రైవర్ వెనక్కి తిరిగి చూసి, "ఏ హీరో సార్ మీరు?" అన్నాడట. ఆయనే ఈ కథ చెప్పి నవ్వేవాడు. నవ్వి ఊరుకునేవాడు కాదు, వెంటనే ఆ ముక్క వాయించి చూపించేవాడు.

మీ నాన్నగారి అలకలో ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. నీ పాట 14వ సెకను దగ్గర విను. రెండో బార్ చివర ఎడమ మూత మీద అరచేయి రుద్ది తీసిన గుంకీ ఉంది. అది సాగి, పైకి లేచి, తర్వాతి దెబ్బలో కలవాలి. నువ్వు లూప్‌ని ల్యాప్‌టాప్ తాళం గీతలకి, అంటే గ్రిడ్‌కి, కత్తిరించావు, గుంకీ తోక తెగిపోయింది. అలా పాటంతా నలభై సార్లు తెగింది. ఆ రోజుల్లో చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టుకుని వాయించేవాళ్లు కాదు. అందరూ కలిసి ఒకే టేకులో వాయించేవాళ్లు, నడక ఒక వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊగేది. నీకూ నాకూ చిన్న విషయం. డోలక్ వాయించే మనిషికి మంచం పట్టె మీద వేళ్లు ఆగిపోయింది అక్కడేనేమో, అడిగి చూడు.

పల్లెటూరి భజన పుస్తకాలు చూశావా? ప్రతి పాట పైనా చిన్న అక్షరాల్లో ఫలానా సినిమా పాట వరస అని వేసి ఉంటుంది. దేవుడి పాట మీద సినిమా పాట పేరు. చట్టం ఒప్పుతుందని నేనేమీ అనడం లేదు. కానీ తెచ్చుకున్న చోటు చెప్పడం మనకి కొత్త కాదు. నీ వీడియో కింద స్టూడియో సెటప్ వివరాలు పన్నెండు లైన్లు రాశావు, హెడ్‌ఫోన్స్ మోడల్‌తో సహా. ఆ పాత పాట పేరు మాత్రం లేదు.

దొంగతనమా అంటే చట్టం దృష్టిలో అనుమతి లేని వాడకం, అందులో నాన్చేదేం లేదు. పాట తీసెయ్యమని మాత్రం నేను అనను. క్లెయిమ్ ఒప్పుకుని, డబ్బు వాళ్లకి పోనిచ్చి, పాత పాట వివరాలు కింద రాసి, జవాబు వచ్చేదాకా అలాగే ఉంచు. ఆపెయ్యమంటే ఆపెయ్. యాప్స్‌లో విడుదలకు మాత్రం ఈ వెర్షన్ వద్దు.

దానికి కొత్త వెర్షన్ చెయ్యి. వయొలిన్ బిట్ బాణీలో భాగం, అది లైసెన్స్ లేకుండా ఎవరు వాయించినా చిక్కే. దాన్ని తీసేసి నీ సొంత ముక్క ఏదైనా పెట్టు. నిజం చెప్పాలంటే నీ పాటకి ఆ వయొలిన్లు అడ్డు, ర్యాప్ వినపడనివ్వడం లేదు. డోలక్ నడక మాత్రం ఎవరి సొత్తూ కాదు. అలాంటి నడకలు మీ నాన్నగారు పెళ్లి పందిళ్లలో వేలసార్లు వాయించి ఉంటారు. వారం సెలవు పెట్టక్కర్లేదు, ఒక ఆదివారం చాలు. సారీ నాన్నా అని మొదలుపెట్టకు, ఆయనకి ఇంకా ఇబ్బంది. ఆ గుంకీ ఎలా తీస్తారని అడుగు.

ముందు డోలక్‌ని శ్రుతి చేసుకోనివ్వు, ఏళ్ల తరబడి అటక మీద ఉండి ఉంటే మూతలు వదులైపోయి ఉంటాయి. రెండు బార్లు వాయించి ఆపమనకు, మూడు నిమిషాలు ఆపకుండా వాయించమను, చెవిలో నీ ర్యాప్ పెట్టు. మైకు ఒక్కటే ఉంటే మూర దూరంలో, కుడి మూత వైపు కొంచెం మొగ్గేలా పెట్టు. ఎడమ మూతకి దగ్గర పెడితే గుంకీకి శబ్దం పగిలిపోతుంది. క్రెడిట్స్‌లో 'డోలక్' అని రాసి పక్కన ఆయన పేరు ఇంటిపేరుతో సహా వెయ్యి. డబ్బు వస్తే వాటా ఎంతో ముందే మాట్లాడుకో, నాన్నే కదా అని వదిలెయ్యకు. రికార్డింగ్ కొట్టులో పెట్టుకుంటే కూల్‌డ్రింకుల ఫ్రిజ్ మోత పడుతుంది, ప్లగ్ తీసెయ్. అయిపోయాక మళ్లీ పెట్టడం మర్చిపోకు.